కూలర్ పెడితే ఉక్క, ఏసీ పెడితే బిల్లు: వైజాగ్‌లో వేసవి ఎలా గడుపుతున్నారు?

కర్నూలు_టు_కొమ్మాది
ట్రాన్స్‌ఫర్ మీద కర్నూలు నుంచి వచ్చి కొమ్మాదిలో దిగాం. ఐదో అంతస్తు, పైన ఇంక డాబానే. అక్కడ 42 డిగ్రీల్లో కూడా కూలర్ పెట్టుకుని దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్ళం. ఇక్కడ ఫోన్లో 34 అని చూపిస్తుంది, ఒళ్ళంతా మాత్రం జిడ్డు. స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపు మళ్ళీ చెమట. లారీలో మోసుకొచ్చిన కూలర్ పెడితే గది ఇంకా ఉక్కపోస్తోంది, దిండు గలీబు కూడా తడితడిగా ఉంటోంది. మా ఆవిడ దాన్ని బాల్కనీలోకి నెట్టేసింది, ఇప్పుడు దాని మీద తులసి కుండీ ఉంది.

అమ్మానాన్న వచ్చే వారం వస్తున్నారు, ఇద్దరికీ డెబ్భై దాటింది. పిల్లలకి జూన్ 12 దాకా సెలవులు. ఇంట్లో ఏం చెయ్యాలి, బయట ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఇక్కడ ఆవకాయ పెడితే నిలుస్తుందా, ఈ ఊళ్ళో వేసవిలో చూడదగ్గ ఉత్సవాలేమున్నాయి, తెలిసినవాళ్ళు చెప్పండి.

గాజువాక_గిరి
తులసికి చల్లగా ఉందా మరి?

స్క్రూడ్రైవర్
ఏసీలు, కూలర్లు బాగుచేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. కూలర్ మంచిదే, ఊరు మారింది. అది నీళ్ళని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. కర్నూలు గాలికి దాహం, ఎంత నీరు పెట్టినా తాగేస్తుంది. మన గాలికి పొద్దున్నే కడుపు నిండిపోయి ఉంటుంది. ఇంకా నీళ్ళు పెడితే అవి గదిలోనే, మీ దిండు మీదే ఉండిపోతాయి. మన చెమట ఆరకపోవడానికీ కారణం అదే. కూలర్‌ని నీళ్ళు లేకుండా పెద్ద ఫ్యాన్‌లాగ వాడండి, ఎదురు కిటికీ తెరిచి ఉంచండి.

పెందుర్తి_పిల్ల
@స్క్రూడ్రైవర్ ఒప్పుకోను. మా ఇంట్లో కూలర్ మే నెలంతా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మాదీ వైజాగే కదా?

వాల్తేరు_వాకర్
పెందుర్తికీ పెదవాల్తేరుకీ మధ్య కొండలున్నాయమ్మా. వాతావరణ శాఖ లెక్కలు కూడా వాల్తేరుకి ఒకటి, ఎయిర్‌పోర్టుకి ఒకటి వేరువేరుగా ఇస్తారు. వేసవిలో ఎయిర్‌పోర్టు అంకె చాలా రోజులు పైనే ఉంటుంది. పడమటి గాలి వేడిగా, పొడిగా వస్తుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే ఒడ్డు వైపు వాళ్ళకి వేడి తగ్గి ఉక్క పెరుగుతుంది. అది తిరగడం ఆలస్యమైన రోజున బీచ్ రోడ్డులో కూడా మాడిపోతాం. అలాంటి పడమటి గాలి రోజుల్లో కొమ్మాదిలోనూ మీ కూలర్ పనిచేస్తుంది. తులసి కుండీ దింపుకోవాలంతే.

గాజువాక_గిరి
అంటే కూలర్ వెయ్యాలా వద్దా అని రోజూ వాతావరణ శాఖకి ఫోన్ చెయ్యాలి.

పెందుర్తి_పిల్ల
@వాల్తేరు_వాకర్ సరే మాస్టారు, ఇది ఒప్పుకుంటాను. ఇంటికొచ్చిన ఒడ్డు వైపు ఎంవీపీ కాలనీ చుట్టాలు "మీ ఊరు పొయ్యిలా ఉంది" అనడం మాత్రం ఒప్పుకోను.

బిల్లు_బాధితుడు
ఏసీ కొనేముందు ఇది చదవండి. ఒకటిన్నర టన్ను ఏసీ గంటకి యూనిట్ అటూ ఇటూ లాగుతుంది. రాత్రి ఎనిమిది గంటలేస్తే నెలకి 240 యూనిట్లు. ఇంటి మామూలు వాడకం 200 అనుకుంటే 440. 400 దాటిందంటే మొత్తం బిల్లంతా పెద్ద రేటు మీదే పడుతుంది. మా ఇంట్లో మే బిల్లు వచ్చినరోజు ఎవరూ మాట్లాడుకోం.

సెక్టార్‌5_అమ్మ
మొత్తం మీద పడదండీ. అది పాత పద్ధతి. వాడకాన్ని బట్టి ఇళ్ళని గ్రూపులుగా విడదీసే ఆ పద్ధతిని 2022లో తీసేశారు, ఇప్పుడు ఏ మెట్టులో ఉన్న యూనిట్లకి ఆ మెట్టు రేటే. 225 దాటిన వాటికి యూనిట్ 8 రూపాయల 75 పైసలు, 400 దాటిన వాటికి 9.75. మీ 440లో 40 యూనిట్లకే 9.75 పడుతుంది. బిల్లు వెనక్కి తిప్పి చూడండి. మాట్లాడుకోకపోవడానికి వేరే కారణం ఏదో ఉంది.

స్క్రూడ్రైవర్
😂
బిల్లు తగ్గాలంటే డ్రై మోడ్ అని ఒక బటన్ ఉంటుంది, ఎవరూ నొక్కరు. మన ఊరికి అదే సరిపోతుంది. గదిలో తేమ లాగేస్తుంది, పైన ఫ్యాన్ తిరుగుతుంటే 27లో కూడా హాయిగా ఉంటుంది. 18లో పెట్టుకుని రగ్గు కప్పుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ఇంకోటి, సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు అవుట్‌డోర్ యూనిట్‌ని గాలికి ఎదురుగా బిగించొద్దు. ఉప్పు గాలికి కాయిల్ రెక్కలు తెల్లగా పొడిపొడి అయిపోతాయి, తర్వాత సన్నటి చిల్లు పడి గ్యాస్ పోతుంది. లాసన్స్‌బే కాలనీలో నేను విప్పిన ఒక యూనిట్ స్టాండు మేకులు చేత్తో తిప్పగానే విరిగిపోయాయి. ఏసీ మొత్తం తుప్పు పట్టిన బోల్టు మీద మూడో అంతస్తులో వేలాడుతోంది. నెలకోసారి మెయిన్ ఆపి మామూలు నీళ్ళతో, ఒత్తిడి లేకుండా కాయిల్ కడగండి. స్టాండుకి స్టెయిన్‌లెస్ మేకులు అడిగి వేయించుకోండి. రాగి కాయిల్ అయితే రిపేరు తేలిక.

బిల్లు_బాధితుడు
ఏసీ నుంచి కారే నీళ్ళు ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా? మా పక్కింటాయన పోస్తున్నాడు.

స్క్రూడ్రైవర్
వద్దు. కాయిల్ మీద దుమ్ము, లోహం అన్నీ కడుక్కుని వచ్చే నీళ్ళవి. ఇల్లు తుడుచుకోండి, మొక్కలకి పొయ్యండి. బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ కొనుక్కోండి.

కర్నూలు_టు_కొమ్మాది
చాలా విషయాలు తెలిశాయి, థాంక్స్. ఏసీ ఒక గదికి పెట్టిస్తున్నాను. మరి పై డాబా? సాయంత్రం ఏడింటికి కూడా స్లాబు కింద చెయ్యి పెడితే వేడి తెలుస్తోంది.

డాబా_మీద_పిట్ట
ఇది నా సబ్జెక్టు. తెల్ల సున్నం తెచ్చి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, జిగురు కలిపి డాబా అంతా రెండు పూతలు వెయ్యండి. చీపురుతోనే వెయ్యొచ్చు. మర్నాడు మధ్యాహ్నం ఆ తెల్లటి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడొచ్చు, పక్కన పూత వెయ్యని చోట అడుగు పెట్టలేరు. వానలకి కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. డబ్బులుంటే కూల్ రూఫ్ పెయింట్ వేయించుకోండి, కొన్నేళ్ళు ఉంటుంది. వేసేముందు కళ్ళజోడు పెట్టుకోండి, సున్నం కళ్ళలో పడితే ప్రమాదం. పైన నల్ల సింటెక్స్ ట్యాంకు ఉంటే దానికీ తెల్ల గోనె చుట్టండి, మధ్యాహ్నం కుళాయిలో వేణ్ణీళ్ళు రావు.

సాయంత్రం డాబా మీద నీళ్ళు కొట్టడం మాత్రం మానండి. నీళ్ళు దండగ, పైగా ఆ ఆవిరి మళ్ళీ మీ ఇంట్లోకే వస్తుంది.

పూర్ణామార్కెట్_పిన్ని
మా చిన్నప్పుడు సాయంత్రం డాబా తడిపి, చాపలేసుకుని, అందరం అక్కడే పడుకునేవాళ్ళం బాబూ. మాకేం కాలేదు.

డాబా_మీద_పిట్ట
అప్పుడు చుట్టూ చెట్లుండేవి పిన్నిగారూ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన మర్నాడు మా వీధి గుర్తుపట్టలేకపోయాను. ఆ నీడ ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు.

పూర్ణామార్కెట్_పిన్ని
అది నిజమే.
సరే, ఆవకాయ గురించి అడిగావు కదా నాయనా. నిలుస్తుంది, ఎందుకు నిలవదు? కానీ మీ రాయలసీమలో పెట్టినట్టు పెడితే ఇక్కడ ఆషాఢానికే బూజు వస్తుంది. ఇక్కడ ఉప్పే మొదటి శత్రువు. రాళ్ళ ఉప్పు చేత్తో పట్టుకుంటే తడి తగులుతుంది చూడు. దాన్ని రెండు ఎండలు బాగా ఎండబెట్టి, వేడిగా ఉండగానే దంచి డబ్బాలో పెట్టెయ్యాలి. ఆవాలూ అంతే, ఎండబెట్టాలి, వేయించకూడదు. మిక్సీలో ఒకేసారి గరగరా తిప్పితే వేడెక్కి పిండి చేదెక్కుతుంది, ఆపి ఆపి తిప్పాలి.

కాయ టెంక గట్టిపడి ఉండాలి, పులుపు ఉండాలి. కడిగి, తుడిచి, ఫ్యాను కింద ఆరబెట్టి అప్పుడు కొట్టించు. మార్కెట్లో కత్తిపీట దగ్గర కొట్టిస్తే వాడి పీట తడిగా ఉందేమో చూసుకో, నా మాట విని ఒక పొడిగుడ్డ పట్టుకెళ్ళు. ప్రతి ముక్కకీ టెంక ఉండాలి, జీడి తీసేసి లోపలి పొర కూడా గుడ్డతో లాగెయ్యాలి. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు. పప్పునూనె ముక్క మునిగేదాకా. మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలకపోతే మళ్ళీ పొయ్యి. వాసెన గుడ్డ కట్టి జాడీని గోడకి ఆనకుండా పీట మీద పెట్టు.

గోదారోడు
ముప్పావు గిన్నె ఉప్పా? మా వైపు గిన్నెకి గిన్నే. పైగా వెల్లుల్లి మాట లేదు. అది ఆవకాయ ఎలా అవుతుందండీ?

పూర్ణామార్కెట్_పిన్ని
మీ వైపు మీరు పెట్టుకోండి బాబూ. మా ఇంట్లో వెల్లుల్లి ఆవకాయకి వేరే జాడీ ఉంది. ఎండబెట్టిన ఉప్పు మెత్తగా దంచితే గిన్నెలో ఎక్కువ పడుతుంది, అందుకే ముప్పావు. తడి రాళ్ళ ఉప్పు కొలిస్తే మీ లెక్క సరిపోతుందేమో.

గాజువాక_గిరి
గోదారి వర్సెస్ ఉత్తరాంధ్ర. నేను పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నాను.

తెప్పోడు
మీ ఆవకాయ గొడవ ఎప్పుడూ ఉన్నదే. ఎండావకాయ తిన్నారేటి ఎవరైనా? ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి పట్టించి, ఊరినాక ఎండలో ఆరేసి, అప్పుడు నూనెలో ఏస్తారు. మా అమ్మ చేస్తాది. చద్దన్నంలో ఒక ముక్క చాలు.

పూర్ణామార్కెట్_పిన్ని
ఈ అబ్బాయికి తెలుసు. ఎండావకాయా, బెల్లం ఆవకాయా మన జిల్లా సొత్తు. వడియాలు పెట్టేవాళ్ళు కూడా వినండి, పొద్దున్నే పెట్టి మధ్యాహ్నం సముద్రం గాలి తిరగకముందే లోపలికి తెచ్చెయ్యండి. సాయంత్రం దాకా వదిలేస్తే పొద్దున్న ఆరిందంతా మళ్ళీ మెత్తబడుతుంది.

సెక్టార్‌5_అమ్మ
పిల్లల సంగతి నేను చెప్తాను. ఒక్కో ప్రైవేటు సమ్మర్ క్యాంపు ఫీజు వింటే టెన్షన్ వస్తుంది, డబ్బు కట్టినా మా వాడికి ఒక క్యాంపులో నెలంతా కలరింగ్ పేజీలే ఇచ్చారు. దానికంటే గ్రంథాలయాల్లో పెట్టే వేసవి విజ్ఞాన శిబిరాలు నయం. కథలు చదివిస్తారు, చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు. మీ దగ్గరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి కనుక్కోండి. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం కూడా ఉంది.

కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం పిల్లలు ఒప్పుకోకపోయినా చూపించండి. 2002 నుంచి ఒడ్డునే ఉంది, ఎదురుగా 2017లో పెట్టిన టీయూ-142 విమానం. జూ, సబ్‌మెరైన్ రెండూ సోమవారం సెలవు. సోమవారం నాడు పిల్లల్ని బయల్దేరదీసి గేటు దగ్గర వాళ్ళ ఏడుపు వినే తల్లిదండ్రులు ప్రతి వారం కనిపిస్తారు.

వాల్తేరు_వాకర్
బీచ్ రోడ్డుకి పొద్దున్న ఏడున్నర లోపు వెళ్ళండి, అప్పటిదాకా వాహనాలు ఆపేస్తారు. పిల్లలు రోడ్డు మధ్యలో స్కేటింగ్ చేస్తారు, పెద్దవాళ్ళు నడుస్తారు, ఒక మూల యోగా, ఇంకో మూల నవ్వుల క్లబ్బు. చోడంబలి అమ్మేవాళ్ళుంటారు. మీ వైపు రాగులంటారు, మాకు చోళ్ళు. పల్చగా, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగితే మధ్యాహ్నం దాకా ఆకలుండదు.

తెప్పోడు
ఒకటి గట్టిగా చెప్తాను. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని నీళ్ళలోకి దింపొద్దు. మోకాలి లోతే కదా అనుకుంటారు, ఆ ఇసక కాళ్ళ కింద నుంచి లాగేస్తాది. కెరటం కొట్టి వెనక్కెళ్ళినప్పుడు ఒక్కో చోట నీళ్ళు కాలవలాగ లోపలికి లాగుతాయి. మాకు చూస్తే తెలుస్తాది, మీకు తెలీదు. ఎప్పుడైనా లాక్కుపోతే ఒడ్డుకి ఎదురీదకండి, అలిసిపోతారు. పక్కకి ఈది, లాగుడు తగ్గినాక ఒడ్డుకి రండి. ప్రతి ఎండాకాలం సెలవుల్లో ఊరి నుంచి వచ్చిన పిల్లలే పోతారు. మా పేట వాళ్ళు వెళ్ళి తెస్తారు.

కర్నూలు_టు_కొమ్మాది
అన్నా, ఇది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. రుషికొండ?

తెప్పోడు
అక్కడ లైఫ్‌గార్డులుంటారు, ఈదే చోటు గుర్తు పెట్టి ఉంటాది. వాళ్ళు ఈల వేస్తే బయటికి రండి. అంతే.

బిల్లు_బాధితుడు
చేపల రేట్లేంటి ఇలా పెరిగాయి? మొన్న కోనాం ధర విని వంకాయలు కొనుక్కుని వచ్చాను.

తెప్పోడు
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంజన్ బోట్లన్నీ హార్బర్‌లోనే ఉన్నాయి, రంగులు వేసుకోవడం, వలలు అల్లుకోవడం. ఇంజన్ లేని తెప్పలు మాత్రం వెళ్తాయి, వాటికి పడేది కొంచెమే. సర్కారు ఇచ్చే నిషేధ భృతి 2025 నుంచి ఇరవై వేలు చేసినారు, రెండు నెలలు ఇల్లు గడవాలి కదా.

మీకు మే నెలలో ఐసులో దొరికే కోనాం చాలావరకు పడమటి తీరానిది. అక్కడ నిషేధం జూన్ 1న మొదలై జూలై ఆఖరుదాకా. అందుకే "ఇవాళ పొద్దున్న పట్టింది" అంటే నమ్మకండి. చెరువు చేప తినండి, బొచ్చె, శీలావతి. లేదంటే ఎండుచేపలు. నెత్తళ్ళు వేయించి గోంగూరలో వేస్తే ఎండాకాలం అనేదే గుర్తుండదు.

పెందుర్తి_పిల్ల
నెత్తళ్ళు వేయించిన రోజున మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ వస్తుంది.

తెప్పోడు
వాళ్ళకి కూడా ఒక గిన్నె పంపండి. మెసేజ్ ఆగిపోతాది.

అప్పన్న_సన్నిధి
ఉత్సవాల గురించి ఎవరూ చెప్పలేదు. వైశాఖంలో అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం. ఏడాదంతా చందనం కింద ఉండే స్వామి నిజరూపం ఆ ఒక్కరోజే దర్శనం. రాత్రికి మళ్ళీ మూడు మణుగుల చందనం సమర్పిస్తారు. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మూడేసి మణుగులు. పెద్దవాళ్ళకి ఇది చూపించాల్సిందే.

రాత్రి_డ్యూటీ_నర్సు
డెబ్భై దాటినవాళ్ళని ఆ రోజు తీసుకెళ్ళొద్దు, దయచేసి. గంటల తరబడి క్యూ, ఉక్క. 2025లో అదే రోజు తెల్లవారుజామున వానకి క్యూ పక్కన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. మామూలు రోజున పొద్దున్నే వెళ్తే ప్రశాంతంగా కప్పస్తంభం దగ్గర నిలబడి రావచ్చు.

అప్పన్న_సన్నిధి
ఆ గోడ సంగతి ఎవరూ మర్చిపోలేదమ్మా. కానీ ఆ ఒక్కరోజు కోసమే బతికే పెద్దవాళ్ళున్నారు. మా నాన్నగారు అలాగే. ఆయన్ని ఆపలేం.

రాత్రి_డ్యూటీ_నర్సు
ఆపమనడం లేదు. వెళ్తే ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నూలు బట్టలు, బీపీ మాత్రల చీటీ దగ్గరుంచండి. ఉత్త నీళ్ళే తాగిస్తూ ఉండొద్దు, చెమటతో ఉప్పు కూడా పోతుంది. మన ఊళ్ళో ఎండదెబ్బ 45 డిగ్రీలకే వస్తుందనుకుంటారు. ఉక్కలో చెమట ఆరదు కాబట్టి 36లో కూడా ఒళ్ళు చల్లబడదు. మాట తడబడినా, అయోమయంగా చూసినా, ఒళ్ళు కాలిపోతున్నా 108కి ఫోన్ చేసి, వచ్చేలోపు తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో ఏమీ పొయ్యొద్దు.

పూర్ణామార్కెట్_పిన్ని
పిల్లలకి చెమటకాయలకి ముంజెల పొట్టు రాయండి. ఆనందపురం రోడ్డులో లేతవి దొరుకుతాయి.

రాత్రి_డ్యూటీ_నర్సు
రాసినా పరవాలేదు పిన్నిగారూ, కానీ ముందు పౌడర్ దట్టించడం మానిపించండి. వదులు బట్టలు, ఒళ్ళు పొడిగా ఉండటం, అదే మందు. ముంజెలు నాకు తినడానికి ఉంచండి.

గాజువాక_గిరి
మా వైపు వీధి అమ్మవారి పండగలు ఈ నెలలోనే. తోలేళ్ళ రాత్రి, అంటే పండగ ముందు రాత్రి, ఘటాలు, డప్పులు, మర్నాడు అనుపు, అంటే అమ్మవారిని సాగనంపడం. కర్నూలు బాబూ, పిల్లల్ని తీసుకురండి, నిద్ర మాత్రం ఆశించకండి. అనకాపల్లి నూకాలమ్మ జాతర ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్యకే మొదలైపోతుంది, వచ్చే ఏడాది చూడండి.

కర్నూలు_టు_కొమ్మాది
తప్పకుండా వస్తాం. అరకు వెళ్తే చల్లగా ఉంటుందా?

వాల్తేరు_వాకర్
మేలో పగలు అక్కడా ఎండే, రాత్రి బావుంటుంది. కిరండూల్ రైల్లో అద్దాల పెట్టె టికెట్ ముందే తీసుకోండి, సెలవుల్లో దొరకదు. యాభై పైచిలుకు సొరంగాలు, పిల్లలు లెక్కపెడుతూ కూర్చుంటారు. బొర్రా గుహల్లోపల వేసవిలోనూ చల్లగానే ఉంటుంది, కానీ మెట్లు చాలా ఉన్నాయి. అమ్మానాన్నకి మోకాళ్ళ నొప్పులుంటే రైలు ప్రయాణంతో సరిపెట్టండి.

సెక్టార్‌5_అమ్మ
పండ్లు మర్చిపోయారు. సువర్ణరేఖ మన జిల్లా మామిడి, ఎర్ర బుగ్గలది, సుందరి అని కూడా అంటారు. ముందుగా వచ్చేస్తుంది, ఆలస్యం చేస్తే దొరకదు. ఎంవీపీ రైతుబజారుకి పొద్దున్నే వెళ్ళండి.

గోదారోడు
సువర్ణరేఖ చూడ్డానికే. తినాలంటే రసాలు.

పూర్ణామార్కెట్_పిన్ని
మళ్ళీ మొదలెట్టాడు.

స్క్రూడ్రైవర్
కొమ్మాది బాబూ, ఏసీ బిగించేవాళ్ళు వచ్చినప్పుడు అవుట్‌డోర్ యూనిట్ తూర్పు గోడకి పెడతామంటే ఒప్పుకోకండి, ఉత్తరం వైపు చోటుంటే అక్కడ పెట్టించండి. మేకులు నేను చెప్పినవే వేశారో లేదో, వాళ్ళు వెళ్ళకముందే అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే మామూలు ఇనుమే.